ఫైలు తెరుచుకుంది, తెలుగు తెరుచుకోలేదు

మా మామ బడిపంతులు. నెల్లూరు జిల్లా అల్లూరు వైపు, ఇసకపల్లి దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉండే పాలేల్లో ఇరవై ఏళ్ళ పైన పిల్లలకి చదువు చెప్పాడు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిపోయాక ఆయనకి ఒక పని పట్టుకుంది. పట్టపువాళ్ళ మాటలు రాసుకోవడం. తమిళం కలిసిన తెలుగు అది. వలల పేర్లు, గాలుల పేర్లు, నీళ్ళ రంగుకి ఉండే పేర్లు, పెద్దకాపులు దురాయి వేసేటప్పుడు వాడే మాటలు, ఒకే చేపకి పిల్లగా ఉన్నప్పుడొకటీ పెరిగాకొకటీ ఉండే పేర్లు. సాయంత్రాలు ఇసకలో కూర్చుని వలలు బాగుచేసుకునే ముసలాళ్ళని అడిగి అడిగి రాసుకున్నాడు. 2006లో కావలిలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించాడు. 112 పేజీలు. ప్రూఫు ముప్ఫై పేజీలు తీయించి దిద్దాడు. ఇంకొన్ని మాటలు కలపాలనీ, డబ్బులు చూసుకోవాలనీ ఆపాడు. ఆగింది ఆగిపోయింది.

పోయినేడాది ఆయన పోయాడు. నోటుబుక్కులు చెదలు తిన్నాయి. బీరువాలో మిగిలినవి ఆ ముప్ఫై పేజీల ప్రూఫు, ఒక సీడీ.

సీడీ పెట్టడానికి నా లాప్‌టాప్‌లో చోటే లేదు. డ్రైవు కొన్నాను. అదృష్టం బాగుండి సీడీ చదివింది. లోపల ఒకటే ఫైలు, చివర 'పీ65' అని ఉంది. అంటే పేజ్‌మేకరు 6.5. ఆ సాఫ్ట్‌వేరు నా దగ్గరెక్కడిది? లిబ్రేఆఫీసులో తెరిచి చూశాను, ఆశ లేకుండానే. తెరుచుకుంది! పేజీలు పేజీలుగా, అంచులతో, పెట్టెలతో, పేజీ నంబర్లతో. ఒక్క క్షణం నిజంగా సంతోషమేసింది. తర్వాత అక్షరాలకేసి చూశాను. తోకున్న సీ, నెత్తిన చుక్కలున్న యూ, పౌండు గుర్తు, మధ్యలో మామూలు ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు. 112 పేజీలూ అదే.

టైపు చేసిన షాపుకి ఫోన్ చేశాను. "ఆ సిస్టం ఎప్పుడో పోయింది అన్నా. ఇప్పుడు ఆ పాతవి ఎవురు వాడతా ఉండారు? ఫాంటు లేకపోతే అంతే, అట్టా పిచ్చి గీతలే వస్తాయి" అన్నాడు. ఆయన తప్పేం లేదు. పద్దెనిమిదేళ్ళ కిందటి పనికి అంతకన్నా జవాబు ఎవరు చెప్తారు?

ఇది మా మామ కథగా చెప్పి ఊరుకుందామనుకోలేదు. మీ ఇళ్ళల్లో, మీకు ఇష్టమైన రచయితల ఇళ్ళల్లో, ఊరూరా ఉన్న ప్రచురణకర్తల బీరువాల్లో ఇలాంటి సీడీలు ఎన్ని ఉన్నాయో ఒకసారి ఆలోచించండి. డీటీపీ వచ్చినప్పట్నుంచి మనవాళ్ళు వేసిన కవిత్వం, కథలు, జిల్లా చరిత్రలు, పీహెచ్‌డీ గ్రంథాలు, లిటిల్ మ్యాగజైన్లు, సంస్మరణ సంచికలు చాలావరకు ఇలాంటి ఫైళ్ళలోనే ఉన్నాయి. "ఇంటర్నెట్లో తెలుగు లేదు" అని మనం తెగ బాధపడిపోతాం కదా. తెలుగు లేక కాదు. టైపయిన తెలుగు బోలెడంత ఉంది. దాన్ని చదవగల ఎడిటర్ లేదు. ఎడిటర్ లేకపోవడానికి కారణం అమెరికా వాళ్ళ నిర్లక్ష్యమూ కాదు. ఫైలు మూత తీసే సగం పని బయటివాళ్ళు ఎప్పుడో చేసిపెట్టారు. లోపలి తెలుగుని తెలుగుగా చదివే సగం మనది. మనం చెయ్యలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

*

ముందు ఆ పిచ్చి గీతల సంగతి చూద్దాం. చాలామంది రచయితలు దీన్ని "ఫాంట్ ప్రాబ్లం" అంటారు. కాదు.

ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఒక ఫాంటులో 256 గళ్ళుండేవి. అందులో సగం ఇంగ్లీషుకీ ఇతర గుర్తులకీ పోగా మిగిలినవి ఫ్రెంచి, జర్మన్ లాంటి భాషల తోకల అక్షరాలకి. తెలుగుకి విడిగా గళ్ళు లేవు. మనవాళ్ళు తెలివిగా ఒక పని చేశారు. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే వాటి బొమ్మలు తీసేసి తెలుగు బొమ్మలు పెట్టారు. కంప్యూటర్‌కి తెలిసినంతవరకు అది పౌండు గుర్తే. తెరమీద మాత్రం దీర్ఘమో ఒత్తో కనిపిస్తుంది. అయితే మన గుణింతాలన్నీ, సంయుక్తాక్షరాలన్నీ 256 గళ్ళలో పట్టవు కదా. అందుకని అక్షరాలని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గది, కొమ్ము ఒక గది, ఒత్తులు వేరు, అక్షరం మొండెం వేరు. చాలా ఫాంట్లలో 'మ' అనేది ఒక అక్షరం కాదు, 'వ' ముక్క పక్కన ఇంకో ముక్క. అచ్చు కంపోజిటరు సీసం ముక్కలు పేర్చినట్టే ఇదీ. కాగితం మీద అద్భుతంగా పడేది. ఫైలులో మాత్రం తెలుగు అనేదే లేదు, ముక్కల వరుస ఉందంతే.

ఈ పని మన డీటీపీ లోకంలో అందరికంటే ఎక్కువగా వాడకంలోకి వచ్చింది అను ఫాంట్లతో. శ్రీలిపి ఉంది, పత్రికలు తమ కోసం చేయించుకున్నవి ఉన్నాయి. ఎవరి గళ్ళు వాళ్ళవి. అను 6లో ఒక గదిలో ఉన్నది అను 7లో అదే గదిలో ఉంటుందన్న నమ్మకం లేదు.

యూనికోడ్ పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ 'క్ర' అంటే క, పొల్లు, ర, ఈ వరుసలో. తెరమీద క్రావడి ఎడమపక్క చుట్టుకుంటుందా కిందికి దిగుతుందా అన్నది ఫాంటు చూసుకుంటుంది. ముక్కల పద్ధతిలో కంటికి కనిపించే వరుసే ఫైలులో వరుస. క్రావడి ఎడమ నుంచి మొదలయ్యే బొమ్మ అయితే అది క కన్నా ముందే వచ్చి కూర్చోవచ్చు. ఐత్వం అయితే పైన ఎత్వం ఒక చోట, కింద వంపు ఇంకో చోట. కాబట్టి ఈ ఫైలుని తెలుగులోకి తేవాలంటే ఒక గుర్తు బదులు ఇంకో గుర్తు పెడితే చాలదు. ముక్కలు ఏరాలి, జత చెయ్యాలి, వరుస మార్చాలి. కష్టమే, కానీ చెయ్యలేనిది కాదు. డిగ్రీ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు ఒక వేసవి సెలవల్లో చెయ్యగలిగినంత కష్టం.

*

ఇప్పుడు తేదీలు చూడండి. కడుపు మండేది ఇక్కడే.

తెలుగుకి యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో, మొట్టమొదటి వెర్షన్లోనే. 128 గళ్ళు. అదే 1991లో మన దేశపు సొంత ప్రమాణం ఇస్కీ ప్రకటించారు. అదీ అక్షర వరుస ప్రకారం రాసేదే, ముక్కల గోల లేదు. అంటే డీటీపీ షాపులు వీధి వీధికీ రాకముందే సరైన దారి ఉంది. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది, గౌతమి ఫాంటుతో సహా తెలుగుని తనలో పెట్టుకుని. అదే సంవత్సరం పేజ్‌మేకరు ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది. 2004లో అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది. మా మామ తన పుస్తకం టైపు చేయించేనాటికి, అంటే 2006కి, ఆ సాఫ్ట్‌వేరు చచ్చి రెండేళ్ళయింది. కావలిలో ఎవరికీ తెలీదు. హైదరాబాదులో తెలిసినవాళ్ళు చెప్పలేదు.

2012లో ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడు వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 తెలుగుతో సహా భారతీయ లిపుల్ని సరిగ్గా కూర్చే ఏర్పాటు తనలోనే పెట్టుకుని వచ్చిన మొదటి ఇన్‌డిజైన్. పాత పేజ్‌మేకరు ఫైళ్ళని తెరవగలిగిన ఆఖరి ఇన్‌డిజైన్ కూడా అదే. ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో ఆ తలుపు మూసేశారు. రెండు ఒడ్ల మీదా చెరొక కాలు వేసి నిలబడ్డ సాఫ్ట్‌వేరు అది. ఒక భాషకి తన పాత పుస్తకాలన్నీ అటునుంచి ఇటు మోసుకొచ్చుకోడానికి అంతకన్నా మంచి అదను ఉంటుందా? ఏ అకాడెమీ కదిలింది? ఏ విశ్వవిద్యాలయం ఒక్క గది, రెండు కంప్యూటర్లు కేటాయించింది? ఆ ఏడు డిసెంబరులో తిరుపతిలో ప్రపంచ తెలుగు మహాసభలు మాత్రం ఘనంగా జరుపుకున్నాం.

ఇక ఫైలు మూత తీసిన బయటివాళ్ళ సంగతి. 2014లో డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్టు అని ఒకటి మొదలైంది. చచ్చిపోయిన సాఫ్ట్‌వేర్ల ఫైళ్ళలో ఇరుక్కుపోయిన జనం రాతల్ని బయటికి తియ్యడమే వాళ్ళ పని. వాళ్ళు పేజ్‌మేకరు ఫైళ్ళ లోపలి నిర్మాణాన్ని విప్పి ఒక లైబ్రరీ రాశారు. 2015 మొదట్లో వచ్చిన లిబ్రేఆఫీసు 4.4లో అది చేరింది. నా మామ ఫైలు తెరుచుకుంది ఆ పుణ్యంతోనే. తెలుగు ముక్క రానివాళ్ళు, నెల్లూరు ఎక్కడుందో తెలియనివాళ్ళు, డబ్బు అడక్కుండా పట్టపుపాలెం మాటలున్న ఫైలు మూత తీసిచ్చారు. లోపలున్నది ఏ లిపో వాళ్ళకెలా తెలుస్తుంది? మనం చెప్తే కదా.

*

"అంతర్జాతీయ కంపెనీలకి మన భాషంటే చిన్నచూపు" అనే వాదన నాకూ ఒకప్పుడు నచ్చేది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్ చాలామంది దగ్గర ఉంటుంది. దాని ఎన్‌కోడింగ్ మెనూ తీసి కింది జాబితా చూడండి. అరబిక్, బాల్టిక్, కెల్టిక్, సిరిలిక్, చైనీస్, గ్రీకు, హీబ్రూ, జపనీస్, కొరియన్, థాయ్, టర్కిష్, వియత్నమీస్. ఆ భాషల్లో పాత పద్ధతుల్లో దాచుకున్న ఫైలు ఏదైనా సరే, ఆ పేరు మీద నొక్కితే చదువుకోవచ్చు. తెలుగు లేదు. కెల్టిక్ ఉంది! 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. ఐరిష్, వెల్ష్ మాట్లాడేవాళ్ళని మొత్తం కలిపినా మన గుంటూరు, నెల్లూరు జిల్లాలకి సరిపోరు.

కోపం రావాల్సిందే. కానీ ఎవరి మీద? కెల్టిక్ అక్కడ ఎందుకుందంటే 1998లో వాళ్ళ గళ్ళ పట్టికని ఐఎస్ఓ ప్రమాణంగా అచ్చేశారు కాబట్టి. ఏ గదిలో ఏముందో రాసిన ఒక పేజీ పట్టిక. అది బహిరంగంగా ఉంటే ఎడిటర్ రాసేవాడు కలుపుకోడానికి ఒక మధ్యాహ్నం చాలు. లేకపోతే వాడు దేవుడైనా కలపలేడు. మన ముక్కల పట్టికలు ఏ ప్రమాణ సంస్థకీ చేరలేదు, అవి ఎవరి వ్యాపారం వాళ్ళవి. మనం అచ్చేసుకున్న ఒకే ఒక్క పట్టిక ఇస్కీ. దానికి విండోస్‌లో తెలుగు కోసమే ఒక కోడ్ పేజీ నంబరు ఉంది, 57005. ప్రమాణం ఇచ్చాం కాబట్టి వాళ్ళు చోటిచ్చారు. తమాషా ఏంటంటే మన పుస్తకాలు అందులో లేవు.

అంత దూరం వద్దు. నెల్లూరు తీరం వెంబడి దక్షిణంగా వెళ్తే తడ, పులికాట్ దాటగానే తమిళనాడు. వాళ్ళకీ ఇదే రోగం పట్టింది. ఊరికో ఫాంటు, పత్రికకో ఎన్‌కోడింగు. తమిళులు, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్ళు, ఈమెయిళ్ళలో కొట్టుకుని తిట్టుకుని చివరికి టిస్కీ అనే ఒక ఉమ్మడి పట్టికకి వచ్చారు. అందరూ ఒప్పుకోలేదు, ప్రభుత్వం వేరే పట్టికలు తెచ్చింది, అయినా టిస్కీని బహిరంగంగా పెట్టారు, అంతర్జాతీయంగా నమోదు చేయించారు. ఇవాళ మామూలు లినక్స్ కంప్యూటర్‌లో ఐకాన్వ్ అనే పనిముట్టుకి టిస్కీ ఫైలు ఇస్తే యూనికోడ్ చేసి ఇస్తుంది. ఎవరూ ఏ యాడానూ వేసుకోనక్కర్లేదు. మన అను అందులో లేదు. మనకీ తమిళులకీ మధ్య ఇక్కడున్నది ఒక ఉప్పునీళ్ళ సరస్సు, ఒక పేజీ పట్టిక.

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ప్రపంచమంతా ఆ అక్షరం గురించి వార్తలు రాసింది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ సవరణ విడుదల చేసింది. మనవాళ్ళు కాలర్ ఎగరేసుకుని మీములు చేసుకున్నారు, నేను కూడా. ఇప్పుడాలోచిస్తే నవ్వు రావడం లేదు. ఒక తెలుగు అక్షరం వేరేవాళ్ళ ఫోన్లని కూల్చితే అది రోజుల్లో బాగుపడింది. తెలుగు పుస్తకాలే చప్పుడు లేకుండా కూలిపోతుంటే పాతికేళ్ళుగా ఎవరికీ పట్టలేదు.

*

ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు ఎదురయ్యే జవాబులు నాలుగున్నాయి.

మొదటిది: "ఆ ఫాంటు వేసుకుంటే కనిపిస్తుంది కదా?" కనిపిస్తుంది. కనిపించడం, ఉండటం ఒకటి కాదు. అందులో 'వల' అని వెతికితే దొరకదు. ఫోన్లో పంపితే అవతలివాళ్ళకి పిచ్చి గీతలే. కళ్ళు కనపడనివాళ్ళ కోసం చదివిపెట్టే సాఫ్ట్‌వేరు దాన్ని పౌండు, యూ, సీ అని చదువుతుంది. నిఘంటువు చేసేవాడికి అది పనికిరాదు.

రెండోది: "నెట్‌లో కన్వర్టర్లు ఉన్నాయి, కాపీ పేస్ట్ చెయ్యి." ఉన్నాయి, రాసినవాళ్ళకి దండం. కానీ ఒక చిక్కుంది. నేను కాపీ చేసిన క్షణంలో ఫాంటు పేరు పోతుంది. నా ఫైలులో చేపల పేర్ల పక్కన మామ శాస్త్రీయ నామాలు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. ఫైలు లోపల తెలుగు ముక్కకీ ఇంగ్లీషు అక్షరానికీ కోడు ఒకటే. ఏది తెలుగో ఏది ఇంగ్లీషో చెప్పేది ఆ ముక్కకి తగిలించిన ఫాంటు పేరు ఒక్కటే. పెట్టెలో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు కూడా తెలుగు ముక్కలుగా మారి తెలుగు పిచ్చి గీతలవుతుంది. అందుకే నేను కన్వర్టర్ అనడం లేదు, ఎడిటర్ అంటున్నాను. ఫైలుని ఫైలుగా తెరిచి, ఏ ముక్కకి ఏ ఫాంటుందో చూసి, దానికి తగ్గ పట్టిక వాడి, తెలుగుని మాత్రమే మార్చే ఎడిటర్. పేజ్‌మేకరు ఫైలులో ఆ ఫాంటు పేరుంటుంది. ఆర్‌టీఎఫ్‌లో ఉంటుంది. సమాచారం అంతా ఫైలులోనే ఉంది, చదివేవాడే లేడు.

కన్వర్టర్ల గురించి ఇంకో మాట. ఒకప్పుడు నాగార్జున వెన్న రాసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ యాడాన్ ఉండేది. వార్తాపత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకున్న రోజుల్లో వాటిని అక్కడికక్కడే యూనికోడ్ చేసి చూపించేది. ఇందాక చెప్పిన ముక్కల ఏరివేత, వరుస మార్పు, అన్నీ అది చేసింది. అంటే ఇది సాధ్యమేనని అప్పుడే రుజువైంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత పద్ధతి యాడాన్లన్నీ పనిచెయ్యడం మానేశాయి. ఒక మనిషి ఓపిక మీద, ఒక బ్రౌజరు దయ మీద ఆనుకున్న పనికి ఉండే ఆయుష్షు అంతే. అందుకే అది ఉమ్మడి లైబ్రరీగా ఉండాలి, ఏ ఎడిటరయినా తగిలించుకునేట్టు.

మూడోది: "యూనికోడ్‌లో అందమైన తెలుగు ఫాంట్లు లేవు, అందుకే ఇంకా అను వాడతాం." పదిహేనేళ్ళ కిందట ఒప్పుకునేవాణ్ణి. ఇప్పుడు మండలి, ఎన్టీఆర్, సూరన్న, తిమ్మన, రామభద్ర, పెద్దన, ధూర్జటి, ఎన్నో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకా కావాలి, నిజమే. దానికి విరుగుడు ఫాంట్లు చేయించడం. పుస్తకాన్ని సీసం ముక్కల్లో పాతిపెట్టడం కాదు.

నాలుగోది ఈమధ్య మొదలైంది: "ప్రింటు తీసి స్కాన్ చేసి ఓసీఆర్‌కి ఇవ్వు. లేదా ఏఐకి ఇవ్వు, అదే సరిచేస్తుంది." టైపు చేసిన అక్షరాన్ని కాగితం మీదకి తెచ్చి, ఫొటో తీసి, ఆ ఫొటోలో ఏముందో యంత్రాన్ని ఊహించమనడం! సరే, చేశాను. ప్రూఫు పేజీలు ఇచ్చి చూశాను. మామూలు వాక్యాలు బాగానే వచ్చాయి. పట్టపు మాటలు మాత్రం మాయమయ్యాయి. యంత్రానికి తెలియని మాట ఎదురైతే దానికి తెలిసిన దగ్గరి మాట పెట్టేసింది. ఒక వల పేరు 'వాన' అయింది. ఒక చేప 'చెప్పు' అయింది. చక్కటి తెలుగు, తప్పుల్లేని తెలుగు. మామ తిరిగి తిరిగి ఏరుకొచ్చింది ఏ నిఘంటువులోనూ లేని మాటల్ని. సరిగ్గా ఆ మాటల్నే అది తప్పులనుకుని దిద్దేసింది. పిచ్చి గీతలే నయమనిపించింది. అవి అబద్ధం ఆడవు.

*

మరి తప్పు ఎవరిది? డీటీపీ ఆపరేటర్లది మాత్రం కాదు. తిక్కన భారతం చెబుతుంటే కుమ్మరి గురునాథుడు గంటం ఆపకుండా రాశాడని నెల్లూరులో ఇప్పటికీ చెప్పుకుంటాం. పెన్న ఒడ్డున ఆ రాయసగాడి పేరు కవి పేరుతో పాటు నిలిచింది. ముప్ఫై ఏళ్ళుగా మన సాహిత్యాన్ని టైపు చేసినవాళ్ళకి పుస్తకం చివరి పేజీలో కూడా పేరుండదు. పేజీకి ఇంతని ఇచ్చి, తప్పులకి వాళ్ళని తిట్టి, ఫైలు అడక్కుండా వచ్చేశాం. వాళ్ళ దగ్గరున్న సాధనంతో వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. ఫాంట్లు చేసినవాళ్ళది కూడా కాదు. ఏ ఆసరా లేని రోజుల్లో తెలుగుని తెరమీదకి తెచ్చారు వాళ్ళు.

తప్పు రచయితలది. తమ పుస్తకం ఏ ఫైలులో, ఏ ఎన్‌కోడింగులో, ఎవరి దగ్గరుందో చెప్పగలిగినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ముఖచిత్రం కోసం మూడు నెలలు కొట్లాడతారు, ఫైలు సంగతి అడగరు. ప్రచురణకర్తలది. రెండో ముద్రణకి మళ్ళీ టైపు చేయిస్తారు, పాత ఫైలు "కరప్ట్" అయిందని. అది కరప్ట్ కాలేదు. మీరు తాళం పారేశారు. భాష పేరుతో నడిచే సంస్థలది. ఆగస్టు 29న గిడుగు పటానికి దండేస్తారు. జనం మాటని పుస్తకంలోకి తేవడానికి ఆయన పోరాడాడు, పుస్తకంలోకొచ్చిన జనం మాటని ఫైలులోంచి బయటికి తియ్యడానికి వీళ్ళు వేలు కదపరు. చట్టానిదీను. 1954 నాటి పుస్తకాల చట్టం ప్రకారం ప్రచురణకర్త జాతీయ గ్రంథాలయానికి అచ్చు ప్రతి పంపాలి. మన రాతలన్నీ ఫైళ్ళలోకి మారాక కూడా మన గ్రాంట్లూ బహుమతులూ కాగితాన్నే అడుగుతున్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ తప్పు మాది. పొద్దున్నంతా ఎవరివో ఫైళ్ళకి సపోర్టు రాసి, రాత్రి తెలుగు కవిత్వం చదువుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒకడున్నాడు. జేసన్ ఫైలుకి రంగులు పూసే ప్లగిన్లు వందలున్న ఎడిటర్‌లో వందొకటోది రాస్తాం. అమ్మమ్మ భాషకి ఒక్కటి రాయం.

1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలని మూడు సంపుటాలుగా అచ్చేశారు. వందల ఏళ్ళ కిందటి రాళ్ళు, రాగి రేకులు. ఊరూరా సేకరించి ఒక్కో అక్షరం పోల్చుకున్నారు. అరిగిపోయిన రాయి మీద కూడా అక్షరం అక్షరంగానే ఉంటుంది. ఆ పుస్తకం ఇవాళ కూడా చదవొచ్చు. 2006లో టైపు చేసిన మాటని 2024లో చదవలేకపోయాను నేను.

*

చెయ్యాల్సింది పెద్ద ఉద్యమం కాదు. ఫాంటు కంపెనీలు తమ గళ్ళ పట్టికలు బయటపెట్టాలి. ఫాంటు ఉచితంగా ఇవ్వమనట్లేదు, ఏ గదిలో ఏ ముక్కుందో చెప్పమంటున్నాం. ఏ వెర్షనుకి ఆ వెర్షను. ఆ పట్టికల మీద ఒక ఉమ్మడి లైబ్రరీ రాయాలి. ముక్కలు తీసుకుని యూనికోడ్ ఇచ్చేది, అనుమానం ఉన్నచోట ఊహించకుండా అనుమానం అని గుర్తు పెట్టేది. దాన్ని లిబ్రేఆఫీసులో పేజ్‌మేకరు తెరిచే చోటుకి తగిలించాలి. మామూలు టెక్స్ట్ ఎడిటర్లకి ప్లగిన్‌గా ఇవ్వాలి. పుస్తకానికి గ్రాంటు, బహుమతి, లైబ్రరీ కొనుగోలు, ఏది ఇచ్చినా యూనికోడ్ ప్రతి పెట్టమని ఒక్క వాక్యం కలపాలి. అమ్ముకునే హక్కు రచయితదే, దాచే బాధ్యత అందరిదీ. మీరు రచయితైతే, ఈసారి డీటీపీకి డబ్బులిచ్చేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలు, ఫాంటు పేరు అడిగి తీసుకోండి.

నేనైతే మొదలుపెట్టాను. ప్రూఫు ముప్ఫై పేజీలు ఒక పక్క, తెరమీద పిచ్చి గీతలు ఒక పక్క పెట్టుకుని, ఏ గీత ఏ ముక్కో మూడు వారాలు రాసుకున్నాను. నా పట్టిక తయారైంది. 112 పేజీలూ తెలుగయ్యాయి, నలభై మాటలు తప్ప. ఆ నలభై ప్రూఫు లేని పేజీల్లో ఉన్నాయి. ఏ నిఘంటువులోనూ లేవు.

వాటిలో ఒకటి ఒక వల పేరు. మొదటి అక్షరం 'వ' నా 'మ' నా తేలలేదు. పక్క ముక్క కోడు మామూలుగా ఉండాల్సింది కాదు. టైపు చేసినాయన చెయ్యి జారిందో, ఫైలులో ఏదైనా పోయిందో. ఇసకపల్లి వెళ్ళాను. పాలెంలో ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లు, నైలాన్ వలలు. ముగ్గురిని అడిగితే తెలీదన్నారు. నాలుగో ఆయనకి ఎనభై దాటాయి. చూపు లేదు. రెండు రకాలుగానూ పలికి వినిపించాను. కాసేపు ఊరుకుని, "మీ మామ అడిగినప్పుడు చెప్పినా గదబ్బాయా. మా నాయన కాలం నాటి వల అది. రెండోదే అనుకుంటా" అన్నాడు.

అనుకుంటా అన్నాడు. 'మ' అని రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఇంకా ముప్ఫైతొమ్మిది ఉన్నాయి.